నలభై ఏడో అక్షరం

డెబ్భై ఎనిమిదో ఏడు వచ్చేసరికి మనిషికి మోకాళ్లు, కళ్లు, చుట్టాలు ఒకేసారి మొరాయిస్తాయి. నగరసభలో ముప్ఫై ఒక్కేళ్లు స్టెనోగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషికి ఇవి చాలవన్నట్టు ఒక అక్షరం కూడా మొరాయించింది.

ఆఫీసులో ఆయన్ని గీతాచార్యుడనేవారు. భగవంతుడితో పోలిక అంతవరకే. ఈయనవి షార్ట్‌హ్యాండ్ గీతలు. పైగా ఉపదేశించడం ఈయన పని కాదు, వినడం. మురుగుకాలవల మీద, వీధి దీపాల మీద, ముఖ్యంగా నీళ్ల కుళాయిల మీద సభ్యులు మాట్లాడిందంతా విని, వాళ్లు మాట మింగేలోపు కాగితం మీద పెట్టాలి. ఆ రాతను నూరేళ్ల పైచిలుకు కిందట ఒక బడిపంతులు కనిపెట్టాడు. మొత్తం నలభై ఆరు గీతలు, ఒక చిన్న పాఠ్యపుస్తకం. టేపు రికార్డర్లు వచ్చాక ఆ రాత నేర్చుకునేవాళ్లు పోయారు. తర్వాత రాసేవాళ్లు పోయారు. చివరికి చదవగలిగినవాళ్లు లోకంలో ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరూ స్వయానా బావా బావమరుదులు కావడం వల్ల ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

ఇలా ఉండగా నగరసభవారికి పాత రికార్డుల మీద ప్రేమ పుట్టింది. నోటుపుస్తకాలన్నిటికీ ఫోటోలు తీసి, కంప్యూటరు చేత చదివించి, ఆ వెంటనే అసలు పుస్తకాలను కాగితం మిల్లుకు పంపాలని తీర్మానించారు. పెద్దల ప్రేమ తరచు ఇలాగే ఉంటుంది. అయితే కంప్యూటరు ఏ అక్షరాన్నైనా గుర్తుపట్టాలంటే దానికొక నంబరుండాలి. ఆ నంబర్లివ్వడానికి ఎక్కడో దూరదేశంలో ఒక సంఘం ఉంది. ఆ సంఘం దయతలిస్తే గీత అక్షరమవుతుంది. తలవకపోతే తెర మీద ఖాళీ గడిగా మిగులుతుంది.

పాఠ్యపుస్తకంలో ఉన్నాయి గనక నలభై ఆరు అక్షరాలకూ నంబర్లొచ్చాయి. గీతాచార్యుడి పుస్తకాల్లో నలభై ఏడోది ఒకటుంది. అది పాఠ్యపుస్తకంలో లేదు.

రికార్డుల ఆఫీసరమ్మ ఆయన్ని పిలిపించింది. ఆవిడకు సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. నడుముకు బెల్టు కట్టుకుని, వీపుకు దిండు పెట్టుకుని పనిచేస్తుంది. కంప్యూటరును ఆయన వైపు తిప్పింది.

"మీ పద్నాలుగో పుస్తకం మాస్టారూ. మిషను చదివింది. సభ్యుడేమంటున్నాడో మీరే చూడండి."

గీతాచార్యుడు కళ్లద్దాలు ముక్కు చివరికి లాక్కుని చదివాడు. 'మా వీధిలో నీ□ లేవు. కు□యి తిప్పితే గాలి వస్తోంది. వా□ వచ్చి, చూసి, వె□పోయారు.'

"నీళ్లేవమ్మా?"

"నేనూ అదే అడుగుతున్నా. మీ రెండువందల పన్నెండు పుస్తకాల్లోనూ నీళ్లు లేవు, ఇళ్లు లేవు, కుళాయిలు లేవు."

"ఊళ్లో మాత్రం ఉన్నాయా? అవి లేకనేగా ముప్ఫై ఏళ్లు అరుచుకున్నారు."

ఆవిడ నవ్వింది, నడుము పట్టుకుని ఆపేసింది. సంగతి నవ్వులాట కాదు. పాఠ్యపుస్తకంలో ల, ళ రెంటికీ ఒకటే గుర్తు. గాలం లాంటి చిన్న కొక్కెం, మూతి పైకి. గీతాచార్యుడి పుస్తకాల్లో ళ అన్నచోటల్లా అదే కొక్కెం, కానీ మూతి కిందికి. దానికి నంబరు రాకపోతే పుస్తకాలు గడులతోనే కంప్యూటరులోకి పోతాయి. తర్వాత మిల్లు లారీ వస్తుంది. ముప్ఫై ఒక్కేళ్లు ఒక మనిషి వంచిన మెడకు మిగిలేది చిల్లులు పడ్డ మాటలు.

ఆఫీసరమ్మ మూడేళ్లలో సంఘానికి మూడు అర్జీలు పెట్టింది. మూడూ మర్యాదగా తిరిగొచ్చాయి. మూడోదానితో ఆఖరి గడువూ వచ్చింది. ఆరు వారాల్లో రెండు తేల్చాలి. ఒకటి, ఈ గుర్తును ఒక్క మనిషే కాక మరొకరు కూడా వాడారని చేతిరాత చూపించాలి. రెండోది, అర్జీ ఫారంలో ఉన్న ఏడో ప్రశ్న: ఇది వేరే అక్షరమా, లేక ఉన్న అక్షరమే తలకిందులుగా పడిందా?

"రెండోవాడంటే మా బావే" అన్నాడు గీతాచార్యుడు, పంటినొప్పి పుట్టినవాడిలా. "నాకా గుర్తు ఆయన దగ్గరే వచ్చింది."

"ఆయన పుస్తకాలు కింది గదిలో ఉండేవి మాస్టారూ. పైపు పగిలి ముద్దయిపోయాయి. ఇంట్లో ఏమన్నా ఉన్నాయేమో మీరే అడగాలి."

"ఫోన్లో నువ్వడగకూడదూ?"

"అడిగాను. చెవులు వినబడవు, మనిషిని పంపమన్నారు. ఏ మనిషి వస్తాడో కూడా ఆయనే చెప్పారు."

బావ అంటే అక్క మొగుడు. ఆరేళ్లు పెద్ద. నగరసభలో సీనియరు స్టెనో. బావమరిదిని ఆ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. పాతికేళ్లు ఇద్దరూ ఒకే బల్లకు ఇటొకరు అటొకరు కూర్చుని, పది నిమిషాలకొకసారి వంతులు మార్చుకుంటూ రాశారు. మాట పట్టింపన్నది లేదు. ఉండడానికి మాట్లాడుకునే తీరికేదీ! చెడింది తర్వాత. ఆరేళ్ల కిందట రిటైరైనవాళ్ల సంఘంలో గీతాచార్యుడు జీవితంలో మొదటిసారి ఉపన్యాసమిచ్చాడు, పన్నెండు నిమిషాలు. మూడో రోజున పోస్టులో ఒక కవరు వచ్చింది. బావ ఆ ఉపన్యాసాన్ని ఒక్క దగ్గు కూడా వదలకుండా షార్ట్‌హ్యాండులో దించుకుని, శుభ్రంగా టైపు చేసి పంపాడు. అందులో 'అదేంటంటే' పందొమ్మిది సార్లుంది. ఒకచోట 'ఏం చెబుతున్నానూ?' అని, దాని పక్కన కుండలీకరణాల్లో 'వక్త మరిచెను' అని ఉంది. ఆ కాగితాన్ని ఇంట్లో అందరూ చదివారు. భార్య రెండుసార్లు చదివింది.

ఇప్పుడు ఆవిడే అంది: "వెళ్లి రండి. అక్షరం కోసమైనా మీ అక్క మొహం చూసొస్తారు."

"రెండు బస్సులు మారాలి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"ఉపన్యాసం ఇవ్వకండి, దారిలో ఊపిరి మిగులుతుంది."

ఆయన వెళ్లాడు. ప్రతి అంతస్తులోనూ ఆగి, గోడ మీది కరెంటు మీటర్లను శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడి, ఆయాసం తీర్చుకుని మళ్లీ ఎక్కాడు. తలుపు కొట్టాడు.

"ఎవరూ?"

"నేనే అక్కా."

"నేనే అంటే? ఆరేళ్లయింది గొంతు విని. ఆనవాలు చెప్పు."

"తలుపు తియ్యవే, కాళ్లు పడిపోతున్నాయి."

"ఆఁ, ఇప్పుడు పోల్చాను." తలుపు తీసింది. తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఏంట్రా ఇలా అయిపోయావు?" అని, జవాబు వినకుండా నీళ్లకోసం లోపలికి వెళ్లింది. ఆ ఇంట్లో అందరి సంగతీ ఆవిడే మాట్లాడుతుంది గనక జవాబులతో ఆవిడకు పని లేదు.

కిటికీ పక్కన కుర్చీలో బావ ఉన్నాడు. చెవి మిషను జేబులో ఉంది. చెవిలో పెట్టుకుంటే భార్య మాటలు వినిపిస్తాయని జేబులోనే ఉంచుకుంటాడట.

"ఎవరొచ్చారే?"

"మా తమ్ముడు!"

"ఏ తమ్ముడు?"

"నాకు డజనుమంది ఉన్నారా? ఉన్నదొక్కడేగా!"

"ఓహో, అదేంటంటే గారా!"

గీతాచార్యుడు ఎదురుగా కూలబడ్డాడు. కోపం తెచ్చుకోవాలనుకున్నాడు. కానీ మూడంతస్తులెక్కిన కాళ్లు ముందు తమ సంగతి చూడమన్నాయి. నీళ్లు తాగి, గడుల సంగతీ లారీ సంగతీ అంతా చెప్పాడు. బావ మిషను చెవిలో పెట్టుకుని విన్నాడు. చివరికి పెదవి విరిచాడు.

"నా పుస్తకాలు ముద్దయ్యాయిగా."

"ఇంట్లో ఏమీ రాయలేదా బావా? ఒక్క పేజీ. పచారీ పట్టీ అయినా సరే."

బావ వంటగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. చెవిటివాడి గుసగుస కనక మూడిళ్ల అవతలికి వినిపించింది. "మంచం కింద రేకు పెట్టెలో ఉన్నాయిరా. కానీ అవి బయటపెట్టేవి కావు."

"ఏ పెట్టె?" అంటూ అక్క వచ్చింది. "నేను ముప్ఫై ఏళ్లుగా దులుపుతున్నదా? ఆఫీసు రహస్యాలు, ముట్టుకోవద్దన్నావు!"

బావ కిటికీలోంచి ఆకాశాన్ని పరిశీలించాడు. ఆకాశంలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

పెట్టె లాగారు. పందొమ్మిది నోటుపుస్తకాలు. ప్రతి పేజీకీ తారీకు, మొదలైన టైము, ముగిసిన టైము. గీతాచార్యుడు ఒకటి తెరిచి అక్షరాలు కూడబలుక్కుంటూ చదవసాగాడు. నాలుగు వరుసలకు ఆగిపోయాడు.

"చదవరా, ఆగావేం?" అంది అక్క.

"అక్కా, ఇవి... నువ్వు తిట్టిన తిట్లే."

గదిలో గోడగడియారం ఒక్కటే ధైర్యంగా శబ్దం చేసింది.

"నేను అరుస్తుంటే తలొంచుకుని ఏదో గీస్తుండేవాడు" అంది అక్క నెమ్మదిగా. "పాపం ఆఫీసు పని, పాడుచెయ్యకూడదు అని గొంతు తగ్గించేదాన్ని."

"తగ్గించలేదు" అన్నాడు బావ. "అది కూడా రాశాను."

"చదవరా!"

గీతాచార్యుడు సభలో చదివే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చదివాడు: "ఇన్నేళ్లొచ్చాయి, మంచినీళ్లు పట్టమంటే మర్చిపోతావు. వాళ్లింట్లో నీళ్లు, వీళ్లింట్లో నీళ్లు, మన బిందెలో దుమ్ము. ఊళ్లోవాళ్ల కష్టాలన్నీ రాసుకొస్తావు. ఇంట్లోవాళ్ల కష్టం ఎవరు రాస్తారు?" ఆ పేజీలో మూతి కిందికున్న కొక్కేలు తొమ్మిదున్నాయి. బావ చేతిరాత అచ్చు గుద్దినట్టుంది.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఇది పందొమ్మిది పుస్తకాల్లో ఎక్కడా నమోదు కాని విషయం. చివరికి అంది: "ఆ రోజు నేనన్నదాంట్లో తప్పేం లేదు. పంపించండి. ఆ దూరదేశంవాళ్లన్నా చదువుతారు."

సగం పని అయింది. మిగిలింది ఏడో ప్రశ్న.

"నీకీ గుర్తు ఎవరు నేర్పారు బావా?" అనడిగాడు గీతాచార్యుడు. "మీ పంతులా?"

"నాకెవరు నేర్పుతార్రా? నీదేగా అది. పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చదివొచ్చావు, అక్కడి కొత్త పాఠమనుకున్నాను."

"మా ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్కడుంది? నువ్వు రాస్తేనే నేను మొదటిసారి చూశాను. నేను చేరిన రోజు, చీటీ మీద."

ఇక్కడ చీటీ సంగతి చెప్పాలి. స్టెనోలు వంతు మారేటప్పుడు, దిగేవాడు తాను విన్న చివరి మాటలోని చివరి అక్షరాన్ని ఒక చీటీ మీద గీసి, బల్ల మీదుగా అవతలివాడి వైపు తోస్తాడు. ఎక్కేవాడు అక్కణ్ణుంచి అందుకుంటాడు. తోసిన చీటీ అవతలికి తలకిందులుగా చేరుతుంది. దాన్ని తిప్పి చూసుకోవాలి. ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాల్సినంత విషయం కాదు మరి.

యాభై ఒక్కేళ్ల కిందట, మొదటి రోజున, సభ్యుడొకడు 'నీళ్లు' అని బల్ల గుద్దాడు. బావ చీటీ తోశాడు. కొత్త స్టెనో దాన్ని తిప్పలేదు. చెవిలో 'నీళ్లు' ఉంది, కళ్లెదుట మూతి కిందికున్న కొక్కెం ఉంది. ఓహో, ళకు విడిగా ఒక గుర్తుందన్నమాట, మాకు చెప్పలేదు అనుకున్నాడు. అడుగుదామంటే, నా బావమరిది గట్టివాడని బావ ఆఫీసంతా చాటి పెట్టాడు. గట్టివాళ్లు అడగరు. ఆ రోజంతా ళ వచ్చినచోటల్లా కొక్కేన్ని బోర్లా వేశాడు.

సాయంత్రం బావ ఆ పుస్తకం సరిచూశాడు. బోర్లా కొక్కేలు చూశాడు. బావ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నది సందులో, ఒక టైపు మిషన్ల షాపు వెనక. పెద్ద ఇన్‌స్టిట్యూట్‌వాణ్ణి, అందునా పెళ్లాం తమ్ముణ్ణి, 'ఇదేంట్రా?' అని అడిగితే పరువేం కావాలి? మర్నాటినుంచి తానూ అలాగే రాశాడు. అక్కడితో బావమరిది అనుమానం కూడా తీరిపోయింది. సీనియరే రాస్తుంటే ఇంకేం కావాలి! ఇద్దరు మొహమాటస్తుల మధ్య ఒక అక్షరం ఇలా పుట్టి, పాతికేళ్లు ఒకరి గౌరవార్థం ఒకరు పెంచి పెద్దచేశారు.

చీటీ మాట రాగానే ఇద్దరికీ సంగతి ఒకేసారి తెలిసొచ్చింది.

"నోరు తెరిచి ఒక్క మాట అడిగుండొచ్చుగా వెధవా" అన్నాడు బావ.

"నువ్వు అడిగుండొచ్చుగా."

"ఇద్దరూ ఇద్దరే" అంది అక్క. "నోటితో మాట్లాడుకోవడం రానివాళ్లని తెచ్చి మాటలు రాసే పనిలో పెట్టారు."

ఏడో ప్రశ్న మీద మాత్రం పేచీ వచ్చింది. వేరే అక్షరమని ఒక్క ముక్క రాసి పారెయ్యమన్నాడు బావ. మర్నాడు ఆఫీసరమ్మా అదే అంది. గీతాచార్యుడు తెచ్చిన జవాబు కాగితం చదివి ఆవిడ దిండు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఇలా ఉంది: 'ఇది తలకిందులైన లకారమే. మొదటి రోజు నా పొరపాటు. రెండో రోజు మా బావ పొరపాటు. మూడో రోజునుంచి అక్షరం. ఇద్దరం కలిసి పాతికేళ్లు వాడాము. తర్వాత ఆరేళ్లు నేనొక్కణ్ణే వాడాను.'

"మాస్టారూ, ఇది పంపితే మూడేళ్ల నా పని గంగలో కలుస్తుంది. తలకిందులని మీరే ఒప్పుకుంటుంటే వాళ్లెందుకిస్తారు నంబరు?"

"ఇవ్వకపోవచ్చమ్మా."

"మీ పుస్తకాలు గడులైపోతాయి."

"తెలుసు." ఆయన గొంతులో పట్టుదల లేదు, అలసటే ఉంది. "ముప్ఫై ఒక్కేళ్లు ఎవరేమంటే అది రాశాను. వాళ్లాడిన అబద్ధాలు కూడా పొల్లుపోకుండా రాశాను. ఒక్కటీ దిద్దలేదు. ఇప్పుడు నా మాట దగ్గరకొచ్చేసరికి దిద్దమంటే చెయ్యి రావడం లేదు. నువ్వు రాసుకో, నా సంతకం లేకుండా."

ఆవిడ ఆయన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. పంపకుండా ఒక రోజంతా సొరుగులో పెట్టింది. తర్వాత, అక్క తిట్ల పేజీతో సహా, ఉన్నదున్నట్టు పంపింది.

జవాబు రాలేదు. నెలయింది, రెండు నెలలైంది. మిల్లు లారీ తారీకు వచ్చింది. ఆఫీసరమ్మ తన సర్వీసులో మొదటిసారి ఒక ఫైలు పోగొట్టుకుంది. లారీవాడు కాగితం లేనిదే కాగితాలెత్తనని వెళ్లిపోయాడు. వారం తర్వాత ఫైలు దొరికింది. ఈసారి పుస్తకాల గది తాళంచెవి పోయింది. గీతాచార్యుడు రోజూ పొద్దున్నే ఫోను చేసేవాడు. 'ఏమన్నా...?' అనేవాడు. 'లేదు మాస్టారూ' అనేది. కొన్నాళ్లకు ఆ ప్రశ్నలో సగం, ఈ జవాబులో సగం మానేసి, ఇద్దరూ నిట్టూర్చి ఫోన్లు పెట్టేసేవారు.

పద్నాలుగో వారంలో వచ్చింది. మూడే వరుసలు. గుర్తు ఎలా పుట్టిందన్నది సంఘం పరిశీలనలోకి రాదు. ఇద్దరు వ్యక్తులు పాతికేళ్లు దాన్ని వేరే అక్షరంగా వాడినట్టు రుజువైంది. నంబరు కేటాయించడమైనది.

ఆఫీసరమ్మ ఫోనులో చదివి వినిపించింది. అటునుంచి చప్పుడు లేదు.

"మాస్టారూ, విన్నారా?"

"విన్నానమ్మా. మళ్లీ ఒకసారి చదువు. మెల్లిగా."

ఆయన రాసుకుంటున్నాడు.

అయితే నంబరుతో పాటు నగరసభవారి ఉత్తరువు కూడా ఒకటి వచ్చింది. యంత్రం చదివినదాన్ని, లిపి తెలిసిన ఇద్దరు ప్రతి పేజీ సరిచూసి సంతకం చేస్తేగాని పుస్తకం ముగిసినట్టు కాదు, అంతవరకు మిల్లుకు పంపరాదు. లిపి తెలిసిన ఇద్దరంటే లోకంలో ఎందరున్నారో వేరే చెప్పక్కర్లేదు. అక్క, పెట్టెలో ఉన్నవి కూడా ఎక్కించాల్సిందేనని, లేకపోతే మొగుణ్ణి ఇల్లు కదలనివ్వనని చెప్పి పంపింది.

ఒక సోమవారం ఇద్దర్నీ రికార్డుల గదిలో పక్కపక్కన కూర్చోబెట్టారు. ముందు తెర, పక్కన మొదటి పుస్తకం. తెర మీద గడులు లేవు. మొదటి పేజీలో సభ్యుడు కుళాయి గురించి మాట్లాడుతున్నాడు. రెండో పేజీలోనూ మాట్లాడుతున్నాడు. ఏడో పేజీలో అధ్యక్షుడు ఆపమన్నాడు, అతను ఆపలేదు.

"ఈ వేగంతో ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అన్నాడు గీతాచార్యుడు.

ఆఫీసరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "తొమ్మిదేళ్లు. సెలవులు తీసేస్తే పదిన్నర."

బావ చెవి మిషను సర్దుకున్నాడు. "ఏమంటోంది?"

"పదిన్నరేళ్లంటోంది బావా."

బావ తన వయసుకు పదిన్నర కలుపుకున్నాడు కాబోలు, కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత పెన్సిలు చెక్కి, ఎనిమిదో పేజీ తిప్పాడు.

గీతాచార్యుడు నడుం మీద చెయ్యేసుకుని ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. "నీ దగ్గర ఇంకో దిండుంటే ఇప్పించమ్మా" అన్నాడు.